గొంతుకు అంటు కట్టండి

వేసవిలో నూజివీడు వైపు వెళ్తే ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి దారుల్లో ఎటు చూసినా మామిడి తోటలే. చిన్నరసం చేతిలోకి తీసుకుని, మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి జుర్రుకుంటే మధ్యాహ్నం భోజనం కూడా గుర్తుకు రాదు. అయితే నూజివీడు మనకిచ్చిన రసం ఇదొక్కటే కాదు. నవరసాలనూ నాలుక చివర ఆడించిన ఎస్వీ రంగారావు 1918 జులై 3న పుట్టింది ఈ ఊళ్లోనే.

1957లో వచ్చిన ‘మాయాబజార్‌’లో ఆయన ఘటోత్కచుడు. అదే సినిమాలో మరో ఘటోత్కచుడూ ఉన్నాడు. ఆ వేషం వేసింది సావిత్రి! శశిరేఖ రూపంలోకి మారిన ఘటోత్కచుడిగా ఆమె నడుస్తుంటే భుజాలు కదులుతాయి, కనుబొమ్మ ఎగురుతుంది, అడుగు బరువుగా పడుతుంది. ఎవరైనా చూస్తున్నారనిపించగానే సిగ్గుల మొగ్గ అయిపోతుంది. పట్టుచీర కట్టుకున్న ఆ ఆడపిల్లలో మనకు రంగారావు కనిపిస్తారు. తెలుగు తెరపై అనుకరణకు అంతకన్నా గొప్ప పాఠం నాకు తెలియదు.

ఇప్పుడు అదే సినిమాను ఒక్క మనిషి, ఒక్క మైకుతో మన ముందు నిలబెడితే? ఎన్టీఆర్ కృష్ణుడు, సీఎస్సార్ శకుని, రేలంగి లక్ష్మణ కుమారుడు, గుమ్మడి బలరాముడు అందరూ ఆ ఒక్క గొంతులోంచే రావాలి. మిమిక్రీ కళాకారుడు చేసే పని ఇదే. చూసి నవ్వుకుని వచ్చేస్తాం. కానీ ఆ కళాకారుడి దగ్గర ఎదగాలనుకునే ప్రతి మనిషీ నేర్చుకోవలసినవి నాలుగున్నాయి.

నోటికన్నా ముందు చెవి

వరంగల్‌లో 1932 డిసెంబర్ 28న పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ 1947లోనే వేదిక ఎక్కారు. ‘టెన్ కమాండ్‌మెంట్స్’ లాంటి భారీ ఆంగ్ల చిత్రాల సన్నివేశాలను, శబ్దాలతో సహా, ఒక్క నోటితో వినిపించేవారు. 1971లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. మిమిక్రీ కళాకారులు ఆయన పుట్టినరోజునే తమ పండగ చేసుకున్నారు. ఇంత సాధించిన గొంతు వెనుక ఏముంది? అంతకు పదింతలు విన్న చెవి ఉంది. సరిగ్గా విననిదే సరిగ్గా పలకలేం.

మీ ఆఫీసులోనూ అలాంటి చెవి ఉన్నవారు ఒకరుంటారు. కోపంతో ఊగిపోతూ వచ్చిన కస్టమర్‌ను కూర్చోబెట్టి, నవ్వుతూ పంపిస్తారు. ఆయన ఏమన్నారో అందరికీ వినిపిస్తుంది. ఎంతసేపు మాట్లాడకుండా విన్నారు, ఎక్కడ ఆగారు, పేరు పెట్టి ఎప్పుడు పిలిచారు? ఈ మూడూ మీరు పట్టుకోండి. వారానికి ఒక్కరిని ఎంచుకుని ఇలా గమనించండి. పైసా ఖర్చు లేకుండా దొరికే శిక్షణ ఇది.

ప్రేమ లేని పేరడీ వద్దు

శ్రీశ్రీ, కృష్ణశాస్త్రి, విశ్వనాథల కవిత్వానికి పేరడీలు రాసి తెలుగు వాళ్లను నవ్వించిన జరుక్ శాస్త్రి ఆ కవులను క్షుణ్ణంగా చదివిన మనిషి. కంఠతా రానిదానికి పేరడీ కుదరదు. ‘మాయాబజార్’ను ఆటపట్టించి నవ్వించాలంటే ముందు ఆ సినిమాను పదిసార్లు చూసి మురిసిపోయి ఉండాలి. పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణ కుమారుడి కాలు తొక్కితే మనం విరగబడి నవ్వుతాం. అసలు శశిరేఖ ఎంత సుకుమారో మనకు తెలుసు కాబట్టే ఆ నవ్వు.

కాబట్టి మనుషుల్ని అనుకరించేటప్పుడు ఒక గీత గీసుకోండి. ఎదుటివాళ్ల ప్రత్యేకతను పట్టుకోండి, లోపాన్ని వదిలేయండి. నత్తిని, కుంటితనాన్ని, యాసను, రంగును వెక్కిరిస్తే నలుగురు నవ్వొచ్చు, ఒకరు మాత్రం ఆ రాత్రి నిద్రపోరు. మీరు అనుకరించిన మనిషి ముందు వరసలో కూర్చుని మీతోపాటు నవ్వగలగాలి. మంచి హాస్యానికి అదే గీటురాయి.

వేషం విప్పడం నేర్చుకోండి

ఒంటరి ప్రదర్శనలో అసలు కష్టం పాత్రలోకి వెళ్లడంలో కన్నా బయటికి రావడంలో ఉంది. శకుని సాగదీత కృష్ణుడి మాటలోకి ఒక్క ముక్క జారినా రెండు పాత్రలూ చెడతాయి. అందుకే మంచి కళాకారుడు పాత్రకూ పాత్రకూ మధ్య ఒక్క క్షణం ఆగుతాడు. ఊపిరి తీసుకుంటాడు, నిలబడే తీరు మారుస్తాడు, అప్పుడు నోరు విప్పుతాడు.

మనం రోజూ చేసే పొరపాటు ఆ క్షణం ఆగకపోవడమే. ఆఫీసర్ గొంతుతోనే ఇంట్లో అన్నం అడుగుతాం. భార్య మీదో భర్త మీదో ఉన్న చిరాకుతో పిల్లల లెక్కల పుస్తకం తెరుస్తాం. గుమ్మం బయట చెప్పులు విప్పే ఆ పది సెకన్లు పగటి వేషం కూడా విప్పేయండి. ఇంట్లోవాళ్లకు తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది.

వేరు మీదే, రెమ్మ వాళ్లది

‘ఒకరిని చూసి నేర్చుకుంటే నా సొంతం ఏం మిగులుతుంది?’ అని భయపడేవాళ్లు నూజివీడులో ఏ రైతునైనా అడగాలి. టెంక నుంచి మొలిచిన నాటు మొక్కకు మేలైన చెట్టు రెమ్మ తెచ్చి అంటు కడతారు. కోసిన రెండు ముఖాలూ సరిగ్గా ఆని, కట్టు బిగువుగా ఉంటేనే అతుకుతుంది. వదులైతే రెమ్మ ఎండిపోతుంది. అతికాక కాసేది మేలైన కాయే. కానీ నేలలోంచి నీళ్లు తాగి, గాలివానకు చెట్టును నిలబెట్టేది ఆ నాటు వేరే.

మీ ఊరు, మీ అమ్మ మాట, మీరు పడిన కష్టం, ఇవి మీ వేరు. పెద్దల దగ్గర నేర్చుకున్న నేర్పు రెమ్మ. వేరు లేకుండా రెమ్మ బతకదు. రెమ్మ అందుకోని వేరు నాటుకాయ దగ్గరే ఆగిపోతుంది. పైపైన చేసే అనుకరణ వదులు కట్టు లాంటిది, నాలుగు రోజులకే వాడిపోతుంది. బిగువుగా కట్టండి. రోజూ ఒక్క నిమిషం ఫోన్‌లో మీ మాట రికార్డు చేసి వినండి. నిన్నటికీ నేటికీ ఏం అతికిందో మీకే తెలుస్తుంది.

ఈ రాత్రి ‘మాయాబజార్’ పెట్టుకోండి. మాయా శశిరేఖ రాగానే శబ్దం పూర్తిగా తగ్గించి, సావిత్రి భుజాలను మాత్రమే చూడండి. గొంతు వినపడకపోయినా నూజివీడు బిడ్డ రంగారావు అక్కడ నడుస్తుంటారు. అయినా ఆ సన్నివేశం అయ్యాక మీ నోట వచ్చే మొదటి మాట మాత్రం ‘అబ్బ, సావిత్రి!’ అనే.