ఎముకల్లో చేరే ముప్పు

మన శరీరం అల్లాహ్ అప్పగించిన అమానత్. దానికీ మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. వానలు తక్కువైన అనంతపురం ప్రాంతంలో ఆ హక్కు తాగేనీటితోనే మొదలవుతుంది. ఇక్కడి రాతిపొరల్లో నిలిచిన నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ.

నీటితోపాటు ఫ్లోరైడ్ కడుపు, పేగుల నుంచి రక్తంలో కలుస్తుంది. పెద్దవారిలో దాదాపు సగాన్ని మూత్రపిండాలు బయటికి పంపుతాయి. మిగిలినది ఎముకల్లో చేరుతుంది. ఎదిగే పిల్లల్లో ఇంకా ఎక్కువ భాగం నిలిచిపోతుంది. వారి పళ్లపై మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి అలాంటి నీరే తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ. ఈ వ్యాధి నెల్లూరు జిల్లాలో ఉందని 1937లోనే వైద్యులు వెల్లడించారు. వంగిన ఎముకను తిరిగి సరిచేసే మందు మాత్రం నేటికీ లేదు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదు. నీటిని కాచినా అది పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. కనుక మన ఇంటి బోరు, మస్జిద్ బోరు నీటిని పరీక్ష చేయిద్దాం. ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఆ నీటిని వుజూకు, స్నానానికి వాడుకుని, తాగడానికీ వంటకూ సురక్షితమైన నీరు తెచ్చుకుందాం.

ఆరోగ్యం కోసం దుఆ చేద్దాం. పిల్లల చేతికిచ్చే నీటి గ్లాసు గురించి కూడా అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలని మరువకుందాం.