అత్తెసరు

పరీక్షలో 35 మార్కులతో గట్టెక్కిన విద్యార్థిని చూచి, "వీనికి అత్తెసరు మార్కులు వచ్చినవి" అని తోటివారు నవ్వుట కలదు. ఆ మాట ఎచ్చట పుట్టినదో ఆలోచించినవారు అరుదు. అది బడిలో పుట్టినది కాదు, వంటయింటిలో పుట్టినది. బియ్యము ఉడుకుటకు ఎంత నీరు కావలెనో అంతయే పోసి, గంజి వార్చక, ఆ నీరంతయు అన్నములోనే యిగురునట్లు వండుటకు అత్తెసరు అని పేరు. నీరు మితముగా పోయుటను బట్టి ఆ మాటను చాలీచాలని మార్కులకు తగిలించిరి. మార్కుల సంగతి యెట్లున్నను, వంటలో మాత్రము అత్తెసరు తక్కువది కాదు. మన పెద్దలు వండిన విధములలో ఇదియే మేలైనదని చూపుటకు ఈ పాఠము వ్రాయుచున్నాను.

పూర్వము మన పల్లెటూళ్లలో, మరబియ్యము వచ్చిన తరువాత, అన్నము వండిన విధమును ఒకసారి చూడుడు. వడ్లు మరకు పోవును. అచ్చట మొదట ఊక పోవును. తరువాత బియ్యపుగింజను అంటియున్న సన్నని పొర తవుడై రాలిపోవును. మల్లెపువ్వువంటి తెల్లని బియ్యము ఇంటికి వచ్చును. ఇల్లాలు ఆ బియ్యమును ఒకటికి నాలుగుసార్లు, నీరు తేటపడువరకు, చేతితో పిసికి కడుగును. పిమ్మట పెద్ద గిన్నెలో ఎసరు మరిగించి, బియ్యము పోసి, ఉడికిన తరువాత గంజి వార్చును. తవుడు, కడుగునీరు, గంజి ఈ మూడును పెరటిలోని కుడితిగోలెమునకు చేరును. గేదె ఆ కుడితి త్రాగి నిగనిగలాడుచుండును. ఆ యింటి పిల్లవాడు మాత్రము పాలిపోయి యుండును. గేదె పాలిచ్చును గనుక కొంత సారము తిరిగి వచ్చినదని ఎవరైన అనవచ్చును. పాలు అమ్ముకొని బ్రదుకు ఇంటిలో ఆ పాటి తిరిగి వచ్చుటయు లేదు. మిగిలిన గంజి చలువబట్టలకు పోయెడిది. పెద్దమనుషుల చొక్కాలు అన్నసారముతో నిలువుగా నిలిచినవి!

మా నాయనమ్మ కాపురము చేసినది కృష్ణా డెల్టాలోని ఒక గ్రామము. ఆమెకు తొలుచూలు మగబిడ్డ పుట్టెను. ఆ రోజులలో బాలింతకు పథ్యమని కూరలు, ఆకులు చాలవరకు మాన్పించి, పాత తెల్లబియ్యపు అన్నమును ఇంత కారప్పొడితో పెట్టుట ఆచారము. బిడ్డ తల్లిపాలతోనే పెరుగుచు, బొద్దుగా నుండి, మూడు నెలలవాడయ్యెను. ఒకనాటి సాయంకాలము నోరు తెరచి యేడ్చుచున్నాడు కాని ధ్వని వెలువడుట లేదు. రాత్రికి ఎగశ్వాస పుట్టెను. తెల్లవారకమునుపే పోయెను. ఊరివారు దిష్టి యనిరి. ఎనుబది యేండ్లు దాటిన తరువాత కూడ నాయనమ్మ, "కడుపునిండ తెల్లన్నము తింటిని నాయనా, పాలకు లోటు లేదు. వానికేమి తక్కువ చేసితిని?" అని నన్నడుగుచుండెడిది. అప్పటికి నేను బదులు చెప్పలేకపోయితిని. ఏడ్చినను ధ్వని రాకపోవుట, హఠాత్తుగా ఊపిరాడకపోవుట పసిబిడ్డలకు వచ్చు బెరిబెరి వ్యాధి గుర్తులని తరువాత పుస్తకములలో చదివితిని. తల్లి ఆహారములో థయమిన్ అను బి1 విటమిను లేనప్పుడు ఆమె పాలలోను అది యుండదు. మా యింటి బిడ్డకు వచ్చినది ఆ వ్యాధియే యని నేను నిశ్చయముగా చెప్పజాలను. చెప్పగల వైద్యుడు ఆనాడు ఆ యూరిలో లేడు.

బెరిబెరి పెద్దవారికిని వచ్చెడిది. కాళ్లు తిమ్మిరులెక్కి స్పర్శ తప్పును, నడక తడబడును, కొందరికి ఒడలు నీరుపట్టి, గుండె బలము తగ్గి ప్రాణాపాయము కలుగును. ఇది ఏదో సూక్ష్మజీవివలన వచ్చుచున్నదని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులు తలంచిరి. క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుడు జావాద్వీపమున ఆ జీవిని వెదకుచుండెను. 1889-90 ప్రాంతమున ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు ఉన్నట్లుండి కాళ్లు పడిపోయెను. కొన్ని నెలలకు, మందేమియు లేకుండగనే, అవి మరల తేరుకొనెను. విచారింపగా సంగతి తెలిసినది. వానికి కొంతకాలము సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నమును పెట్టిరి. అంతలో క్రొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నము సైన్యమునకు చెందని కోళ్లకు పెట్టుట కూడదని నిరాకరించెను. అప్పుడు మరల ముడిబియ్యము కొని వేసిరి. కోళ్లు లేచి తిరిగినవి. వంటవాని పట్టుదల వైద్యశాస్త్రమునకు ఎంత ఉపకారము చేసెనో చూడుడు. తవుడులో ప్రాణాధారమైన పదార్థమొకటి యున్నదని తేల్చుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. 1926లో జావాలోనే దానిని శుద్ధరూపమున వేరుచేసిరి. 1929లో ఐక్మన్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించెను.

మన దేశమున ఈ వ్యాధికి ముఖ్యస్థానము మరెక్కడనో కాదు. గంజాము మొదలుకొని గుంటూరువరకు గల ఉత్తర సర్కారు జిల్లాలే. ఇంత సస్యశ్యామలమైన సీమలో పోషకలోపపు వ్యాధి యేమని ఆశ్చర్యము కలుగవచ్చును. దక్షిణమున తమిళదేశములో అన్నము తినువారికి ఇది అంతగా రాలేదు. అందుకు కారణము ఉప్పుడు బియ్యము. అచ్చట వడ్లను నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఎండబెట్టిన తరువాత దంచుదురు. అట్లు ఉడికించునప్పుడు పైపొరలోని విటమిను కొంత గింజలోపలికి ఇంకి, తవుడు పోయినను నిలుచును. మనవారు పచ్చివడ్లనే మరలో తెల్లగా ఆడించుకొనిరి. రోటిలో దంచు కాలమున రోకలిపోటునకు పొర అంతయు పోయెడిది కాదు గనుక కీడు తక్కువగా నుండెను. దంపుడు శ్రమయంతయు ఆడువారిదే. మర వచ్చి వారి భుజములకు విశ్రాంతి నిచ్చినదను మాట మరచి, మరను ఊరక నిందించుట న్యాయము కాదు.

ఈ వ్యాధిని పరిశోధించుటకే 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుని ఆధ్వర్యమున ఒక చిన్న విభాగము ఏర్పడెను. ఆయన తరువాతి కాలమున ఎలుకలతో చేసిన ప్రయోగము ప్రసిద్ధమైనది. భారతదేశమున వివిధ ప్రాంతములవారు తిను భోజనములను వేరువేరు గుంపుల ఎలుకలకు పెట్టి, వాని పెరుగుదలను తూచి చూచెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, పచ్చికూరలు గల పంజాబు సిక్కుల భోజనము తిన్నవి బాగుగా పెరిగెను. తెల్లన్నమే ప్రధానమైన మద్రాసు రాజధాని భోజనము తిన్నవి అన్నిటికంటె వెనుకబడెను. ఆ రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలును ఉండెనని మరువరాదు. ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను. తార్నాకలో నేడును ఉన్నది. నేడు బెరిబెరి మన ప్రాంతమున మునుపటివలె లేదు. కాని తవుడు, కడుగునీరు, గంజి పోవు దారులు మాత్రము అనేక గృహములలో ఇంకను తెరచియే యున్నవి.

ఇక వంటయింటిలోనికి పోవుదము. బియ్యమును కడుగక తప్పదు. దుమ్ము, పురుగు ఉండును. అయినను ఒకటి రెండుమారులు తేలికగా కడిగిన చాలును. పిసికి కడిగినకొలది నీటిలో కరగు విటమినులు నీటివెంట పోవును. గంజి వార్చినచో అన్నము పొడిపొడిగా నుండునను మాట నిజమే. అట్టి అన్నమే కావలెనని పట్టుపట్టువారు ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగవచ్చును, లేదా చారులోనికి వాడవచ్చును. వెనుకటివారు గంజిని కుండలో పులియబెట్టి తరవాణి చేసికొని త్రాగిరి. మిగిలిన అన్నములో నీరుపోసి ఉంచి, ఉదయమున చద్దన్నముగా ఉల్లిపాయతో తినిరి. పేదవారి తిండి యని మనము చిన్నచూపు చూచినది ఇదియే.

దంపుడు బియ్యము తినగలిగినచో మరింత మంచిది. తవుడులో నూనె యుండుటచేత ఆ బియ్యము త్వరగా ముక్కవాసన పట్టును, పురుగును పట్టును. కనుక నెలకు సరిపడునంత మాత్రమే కొనవలెను.

అన్నము ఒక్కటియే తిన్నచో దేహపోషణ జరుగదు. పప్పు తోడు కావలెను. బియ్యపు మాంసకృత్తులలో లైసీన్ అను భాగము తక్కువ. పప్పులో అది యెక్కువ. పప్పులో కొరవడినది అన్నములో ఉండును. ఈ రెంటిని కలిపి ముద్ద చేయుట మనకు శాస్త్రము నేర్పకమునుపే నాలుక నేర్పినది.

తోటకూరపప్పునే తీసికొందము. ఇందులో పనులను ఏ వరుసలో చేయవలెనను సంగతి ముఖ్యము. నలుగురికి 150 గ్రాముల కందిపప్పును కడిగి అరగంట నానబెట్టి, ఆ నీటితోనే ఉడికింపవలెను. త్వరగా ఉడుకునని కొందరు వంటసోడా వేయుదురు. సోడా థయమిన్‌ను చెరచును. కనుక అది వలదు. రెండు కట్టల తోటకూరను ముందు కడిగి, తరువాత తరుగవలెను. చాలమంది తరిగి కడుగుదురు. అప్పుడు కోసిన అంచులనుండి సారము నీటిలోనికి దిగును. తరిగి గంటలకొలది ఉంచుటయు మంచిది కాదు. గాలి తగిలి సి విటమిను నశించును. పప్పు ముప్పాతిక ఉడికినపుడు కూర వేసి మూత పెట్టవలెను. చింతపండు పులుసు పప్పు మెత్తబడిన తరువాతనే పోయవలెను. ముందు పోసినచో పప్పు బిరుసెక్కి ఎంతకును ఉడుకదు. తొందరపడిన ప్రతి క్రొత్త వంటవానికిని ఇది అనుభవమే. చింతపండునకు బదులు నిమ్మకాయ వాడదలచినచో, గిన్నె దింపిన తరువాత పిండవలెను. ఆ రసములోని సి విటమిను ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. భోజనమైన వెంటనే టీ త్రాగుట దీనికి విరుద్ధముగా పనిచేయును. చివర చెంచాడు నూనెతో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, వెల్లుల్లి పోపు పెట్టవలెను. ఆ కొంచెము నూనె రుచికి మాత్రమే కాదు. ఆకుకూరలోని కెరొటీన్, మన దేహములో ఎ విటమినుగా మారి రేచీకటి రాకుండ కాపాడునది, చమురు తోడు లేనిదే సరిగా జీర్ణము కాదు.

ఈ పప్పునకు కావలసిన ఆకు దూరమున లేదు. గోంగూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి, మెంతికూర ఏ సంతలోనైన దొరకును. పెరటిలోని మునగచెట్టు కాయలకే పనికివచ్చునని మనమనుకొందుము. దాని ఆకు అంతకంటె విలువైనది. అట్లే రాయలసీమ రాగిసంగటియు. 100 గ్రాముల రాగులలో ఎముకలకు కావలసిన కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాములకు మించదు. తెలంగాణపు జొన్నరొట్టె, గటక కూడ ఈ కోవలోనివే. పచ్చళ్లను గూర్చి ఒక్కమాట: అవి మన భోజనమునకు అలంకారములు, కూరకు బదులు కాజాలవు. వానిలోని ఉప్పు చాల యెక్కువ.

తిరిగి అత్తెసరు దగ్గరకు వత్తము. నేడు విద్యుత్తుతో పనిచేయు అన్నపుగిన్నెలు, ప్రెషరు కుక్కరులు చేయుచున్నది అత్తెసరే. పేరు మాత్రము మారినది. మామూలు గిన్నెలో వండదలచినవారికి నీటి కొలత తెలియవలెను. పాతబియ్యమైనచో ఒక గిన్నె బియ్యమునకు రెండు గిన్నెల నీరు పట్టును. క్రొత్తబియ్యమునకు గిన్నెన్నర చాలును. దంపుడు బియ్యమును ముందుగా నానబెట్టి, రెండున్నర గిన్నెలు పోయవలెను. పొంగు వచ్చినంతనే మంట తగ్గించి మూత పెట్టవలెను. మొదటిసారి అడుగంటును, లేక పలుకుగా మిగులును. మా నాయనమ్మకు గిన్నెల లెక్క లేదు. బియ్యముమీద చూపుడువ్రేలు నిలిపి, నీరు మొదటి కణుపునకు రాగానే చెంబు ప్రక్కన పెట్టెడిది.