ఎనుబదిమూడు డిగ్రీలు

నోవై, మిషిగన్.

చి. లలితకు తాతయ్య ఆశీస్సులు.

మన విశాఖపట్టణపు రేఖాంశము ఎనుబదిమూడు డిగ్రీలకు కొంచెము పైనని నీవు వ్రాసితివి. నేనిప్పుడున్న నోవై రేఖాంశమును సుమారు 83న్నర డిగ్రీలే. అయినను అది గ్రీనిచ్‌కు తూర్పున, ఇది పడమర. ఎక్కడినుండి, ఏ దిక్కునకు అని చెప్పనిదే ఒట్టి అంకె చోటును తెలుపజాలదు.

అక్షాంశమునకు మొదలు ప్రకృతియే చూపినది. భూమి తన యిరుసుపై తిరుగుటచే ధ్రువములును, వానికి సమదూరమున భూమధ్యరేఖయు ఏర్పడినవి. ధ్రువనక్షత్రము దిఙ్మండలమునకు ఎన్ని డిగ్రీల యెత్తున కనబడునో అదియే ఇంచుమించుగా ఆ చోటి ఉత్తరాక్షాంశము. ఇచ్చట అది 42న్నర డిగ్రీల యెత్తున నిలిచియుండగా, మీ మేడపైనుండి సుమారు పదునెనిమిది డిగ్రీల యెత్తుననే కనబడును.

రేఖాంశమునకు ఆకాశమున అట్టి గుర్తు లేదు. మొదటి రేఖను మనుష్యులే ఏర్పరచుకొనవలయును. మన ప్రాచీన జ్యోతిష్కులు ఉజ్జయినీ రేఖనుండి గణించిరి. 1884లో వాషింగ్టనున కూడిన దేశప్రతినిధులు గ్రీనిచ్ రేఖను ఎన్నుకొనిరి. ఇట్టి మానవ నిర్ణయము ఈ ఊరివారికి నిత్యము కాలి క్రిందనే యున్నది: నోవై దక్షిణపు పొలిమేరయైన ఎయిట్ మైల్ రోడ్డు, 1815లో ఈ సీమను కొలుచుటకై గీయనారంభించిన ఆధారరేఖయే. నైన్ మైల్, టెన్ మైల్ రోడ్లు దానికి ఉత్తరముగా మైలున కొకటి చొప్పున సాగుచున్నవి.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక రేఖాంశభేదమనగా కాలభేదమే. మన నడుమ 166 డిగ్రీలకు పైబడిన అంతరము గలదు. డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున సూర్యగమనమున పదునొకండు గంటలు మించిన తేడా రావలయును. గోడ గడియారములు మాత్రము చలికాలమున పదిన్నర గంటలే చూపును. భారతదేశము 82న్నర డిగ్రీల తూర్పురేఖను, ఈ ప్రాంతము 75 డిగ్రీల పశ్చిమరేఖను కాలమునకు ప్రమాణముగా గైకొనుటయే ఇందుకు హేతువు. నోవై ఆ రేఖకు చాల పడమరనున్నందున, చలికాలపు గడియారమున సగటున పండ్రెండు దాటిన 34 నిమిషములకు గాని ఇచ్చట సూర్యునికి మధ్యాహ్నము గాదు. పండుగల తిథిని సూర్యోదయమునుబట్టి నిర్ణయించునప్పుడు ఆంధ్రదేశపు పంచాంగము ఇచ్చటికి నప్పకపోవుటకును మన నడుమనున్న రేఖాంశభేదమే కారణము. ఒక్కొక్కప్పుడు పండుగ మీకంటె ఒకదినము ముందుగనే మాకు వచ్చును.

ఇక నీ యక్షాంశమును నీవే కొలిచి చూడుము. కోణమాపకపు నడుమ దారము కట్టి, చివర చిన్నరాయి వ్రేలాడదీసి, కోణమాపకపు తిన్నని యంచు వెంబడి ధ్రువనక్షత్రమును చూడుము. దారము తొంబది గీతనుండి ఎన్ని డిగ్రీలు తొలగెనో అదే ఇంచుమించుగా నీ యక్షాంశము. మూడు రాత్రులు కొలిచి, వచ్చిన అంకెలను దిద్దక నాకు వ్రాయుము.