రోగి ఇంటికి వస్తున్నాడు. ఇంట్లో నాలుగు కుక్కలున్నాయి

ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చున్నవారి మనస్సు సగం ఇంటి దగ్గరే ఉంటుంది. బర్రెకు నీళ్ళు పెట్టారా, పిల్లలు బడికి పోయారా, మోటారు బంద్ చేశారా అని ఆలోచిస్తూనే ఉంటారు. కుక్కలున్న ఇంటివారికి ఇంకొక చింత కూడా ఉంటుంది గాని, డాక్టరు ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. "మనిషి మంచం మీద ఉంటే వీళ్ళకు కుక్కల బెంగా?" అని నవ్వుతారేమోనని భయం. సిగ్గుపడవలసిన పని లేదు. మీ ఇంట్లో రెండు మూడు కుక్కలుంటే ఆ మాట డిశ్చార్జికి ముందే డాక్టరుతోనో నర్సుతోనో చెప్పండి. రోగికి ఇచ్చే జాగ్రత్తల్లో అది కూడా చేరాలి.

మన ప్రాంతంలో ఒక ఇంట నాలుగు కుక్కలుండటం వింత కాదు. బోధన్, ఎడపల్లి, రెంజల్ వైపు చెరకు, మక్క వేసిన రైతులకు అడవి పందుల బాధ తెలిసిందే. ఒక్క కుక్క పందిని చూసి మొరుగుతుంది, నాలుగైతే తరుముతాయి. అందుకని పొలం దగ్గర గుంపుగా పెంచుతారు. శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత చెరకు తగ్గింది గాని కావలి కుక్కల అలవాటు పోలేదు. నిజామాబాద్ పట్టణంలో సంగతి వేరు. మేడ మీద ఒక పొమేరియన్, గేటు దగ్గర ఒక లాబ్రడార్, పిల్లవాడు జాలిపడి తెచ్చిన ఊరకుక్క పిల్లలు రెండు ఉంటాయి. ఎక్కడైనా చిక్కు ఒకటే. వాటిని రోజూ తిప్పే మనిషి ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు, లేదా ఆస్పత్రిలో ఉన్నవారికి తోడుగా ఉన్నాడు.

పది రోజులు గొలుసుకు

ఇలా అనుకోండి. బాపుకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కొడుకు, కోడలు పది రోజులు ఆస్పత్రిలోనే ఉన్నారు. పక్కింటివారు పూటకింత అన్నం పెట్టారు, అంతవరకు వారికి దండం పెట్టాలి. కాని గొలుసు విప్పే ధైర్యం వారికి లేదు. పదకొండవ రోజు ఆటో వచ్చి వాకిట్లో ఆగుతుంది. వాకరు పట్టుకుని బాపు ఒక్కొక్క అడుగు వేస్తుంటాడు. అంతలో ఎవరో జాలిపడి కుక్కలను విప్పుతారు. అవి ప్రేమతోనే వస్తాయి. ముప్పై కిలోల ప్రేమ వచ్చి ఛాతీ మీద పడితే వాకరు ఆపలేదు. మళ్ళీ అదే తుంటి, మళ్ళీ అదే వార్డు.

దీనికి ఉపాయం చిన్నదే. రోగి ఇంటికి రావడానికి రెండు గంటల ముందే ఇంటివారిలో ఒకరు వెళ్ళి, కుక్కలను ఒక్కొక్కటిగా బాగా తిప్పి, నీళ్ళు తాగించి, వెనుక పెరట్లో కట్టేయాలి. రోగి మంచం మీద స్థిరంగా కూర్చున్న తరువాత, అన్నిటికంటె నెమ్మదైన కుక్కను తాడుతో తెచ్చి చూపించాలి. మిగిలినవి మరునాడు చూడవచ్చు. వాకరుతో నడిచినన్ని వారాలు ఆయన నడిచే దారిలో కుక్క ఉండకూడదు. పడుకున్న కుక్క కూడా వద్దు. ముసలివారు మీదికి దూకే కుక్క వలన పడినట్లే, గుమ్మంలో నిద్రపోయే కుక్కకు తట్టుకుని కూడా పడతారు.

రోజంతా కట్టేసి ఉంచిన కుక్క మంచి కావలి కుక్క అవుతుందని మన పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. అది కనబడిన ప్రతిదాని మీద విరుచుకుపడుతుంది, అందులో మన మనుమడు కూడా ఉంటాడు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఈ చేతికి తాడు వద్దు

"నేను బాగానే ఉన్నాను, చిన్న కుక్కనే కదా, నేను తిప్పుతాను" అని రోగులు మొండికేస్తారు. అప్పుడు ఇంటివారు మెత్తబడకూడదు.

గుండెకు బైపాస్ ఆపరేషన్ అయినవారికి రొమ్ము ఎముకను కోసి మళ్ళీ తీగతో కట్టి ఉంటారు. అది అతకడానికి సుమారు 6 నుండి 12 వారాలు పడుతుంది. అంతవరకు ఒక్క చేత్తో లాగే పని, లాగబడే పని ఏదీ కూడదు. హెర్నియా, గర్భసంచి ఆపరేషన్లు అయినవారు, కంటి శుక్లం తీయించుకున్నవారు కూడా డాక్టరు సరే అనేవరకు తాడు పట్టకూడదు. డయాలసిస్ చేయించుకునేవారి చేతికి ఫిస్టులా ఉంటుంది. ఆ చేతికి తాడు చుట్టుకుని కుక్క ఒక్క గుంజు గుంజితే, ప్రాణం నిలిపే ఆ రక్తనాళమే దెబ్బతినవచ్చు. ఆ చేత్తో ఎన్నటికీ తాడు పట్టరాదు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి గోటి గీత కూడా చాలాసేపు కారుతుంది. పక్షవాతం వచ్చి కాలు ఈడ్చేవారి సంగతి చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట. గుండె జబ్బు, షుగరు ఉన్నవారిని డాక్టర్లు రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడవమంటారు. "కుక్కలను తిప్పితే ఆ నడక అయిపోయినట్టే" అని చాలామంది లెక్క వేసుకుంటారు. ఒక్క కుక్క, అదీ నేర్చిన కుక్క అయితే కొంత నిజమే. మూడు కుక్కలైతే అది నడక కాదు, స్తంభం స్తంభానికీ ఆగడం, మధ్యలో గుంజులాట. రోగి నడక రోగిది, కుక్కల నడక కుక్కలది.

గుంపుగా తిప్పవద్దు

లెక్క చూడండి. లాబ్రడార్ ఒక్కటి 25 నుండి 35 కిలోలు ఉంటుంది. జర్మన్ షెపర్డ్ మగది 30 నుండి 40. రెండు కలిస్తే 55 కిలోలకు తగ్గవు. తాడు పట్టుకున్న కోడలు 50 కిలోలు. ఆమె వాటిని తిప్పుతుందా, అవి ఆమెను తిప్పుతాయా? మా ఇంట్లో మూడు కుక్కలున్న రోజుల్లో నేనే ఈ తప్పు చేశాను. సమయం కలిసి వస్తుందని రెండు తాళ్ళు ఒకే మణికట్టుకు చుట్టుకుని బయలుదేరాను. గోడ మీద నుండి పిల్లి దూకింది. ఆరు వారాలు పిండికట్టుతో అన్నం కలుపుకున్నాను. తాడును మణికట్టుకు చుట్టుకోకండి. అరచేతిలో పట్టుకుంటే, చేయి దాటిపోయినప్పుడు వదిలేయవచ్చు. కుక్క మళ్ళీ దొరుకుతుంది.

మొదట ప్రతి కుక్కనూ విడిగా తిప్పి, తాడు గుంజకుండా నడవడం నేర్పాలి. గుంజగానే మీరు ఆగిపోండి. తాడు వదులైతే కదలండి. తిట్టవద్దు, కొట్టవద్దు. రెండు మూడు వారాలు ఓపిక పడితే ఆగినంతసేపు ముందుకు పోలేమని దానికే తెలుస్తుంది. అప్పుడు జతలు కట్టండి. ముసలిదాన్ని ముసలిదానితో, ఉరుకుడు దాన్ని ఉరుకుడు దానితో తీసుకుపోవాలి. వయసు కుక్కతో ముసలికుక్కను కలిపితే ఒకదానికి చాలదు, ఒకదానికి ఎక్కువ. ఒక మనిషికి రెండు కుక్కలు మించకూడదు. పన్నెండేళ్ళలోపు పిల్లల చేతికి పెద్దవారు పక్కన లేకుండా ఒక్కటి కూడా ఇవ్వరాదు. ఆడకుక్క ఎదకు వచ్చిన మూడు వారాలూ దాన్ని విడిగా తిప్పాలి. లేకపోతే ఇంట్లోని మగకుక్కలే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి, వీధిలోవి గేటు దగ్గర కాపు కాస్తాయి.

"నాలుగు కుక్కలకు పూటకు రెండు గంటలా? రోగిని ఎవరు చూస్తారు?" అంటారు. నిజమే. అందుకే ఈ పద్ధతి చెబుతున్నాను. ఉదయం రెండు జతలు, జతకు 20 నిమిషాలు. సాయంత్రం నడక లేకపోయినా ఫరవాలేదు. కుక్కకు ముక్కుతో చేసే పని కాళ్ళతో చేసే పనికంటె తక్కువ అలసట ఇవ్వదు. జొన్నరొట్టెను చిన్న ముక్కలు చేసి పెరట్లో గడ్డిలో, పాత గోనెసంచుల మడతల్లో దాచి వెతకనివ్వండి. పావుగంట వెతికిన కుక్క మూలకు పోయి పడుకుంటుంది. అయితే ఒకసారికి ఒక్క కుక్కనే విడవాలి, తిండి దగ్గర స్నేహం ఉండదు. వారం వారం వచ్చే చుట్టాలుంటారు కదా, "ఏమైనా సాయం కావాలా?" అని అడిగి పోతుంటారు. వారికి పండ్ల సంచి బదులు కుక్క తాడు చేతికివ్వండి.

ఎండ, డాంబరు

నిజామాబాద్ ఎండలు మీకు చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట అరికాళ్ళలో మాత్రమే, అదీ కొద్దిగా. నాలుక చాపి రొప్పడమే దానికి చల్లబడే దారి. అందుకని ఎండాకాలంలో తెల్లవారి ఆరులోపు, రాత్రి ఎనిమిది తరువాత మాత్రమే తిప్పాలి. సాయంత్రం ఐదుకు గాలి చల్లగా అనిపించినా డాంబరు రోడ్డు కాలుతూనే ఉంటుంది. మీ అరచేతి వెనుక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు ఓర్వలేనిది దాని పాదానికీ కాలుతుంది. ముక్కు చట్టిగా ఉండే పగ్ వంటి వాటికి శ్వాస ఇంకా కష్టం.

ఆగకుండా రొప్పడం, చొంగ చిక్కగా కారడం, తూలడం, చిగుళ్ళు ముదురు ఎరుపుగా మారడం వడదెబ్బ గుర్తులు. నీడకు తెచ్చి, ఒంటి మీద మామూలు నీళ్ళు పోసి, విసరుతూ, వెంటనే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. బలవంతంగా నోట్లో నీళ్ళు పోయవద్దు. పెద్ద ఛాతీ గల కుక్కలను కడుపు నిండా తిన్న వెంటనే పరుగెత్తించకూడదు, పొట్ట ఉబ్బి మెలిపడి చనిపోవచ్చు. నడిపించి వచ్చాక కొంత ఆగి తిండి పెట్టడం మంచిది.

చెరకు గట్టు, కాలువ గట్టు

పొలం దగ్గర ఉండేవారు "మా కుక్కలకు వ్యాయామం ఎందుకు, రాత్రంతా తిరుగుతాయి" అంటారు. ఆ తిరుగుడులోనే చిక్కుంది. అడవి పందుల కోసం కొందరు దొంగతనంగా తోట చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది చట్టవిరుద్ధం. అది పందిని, కుక్కను, కుక్కను వెతుక్కుంటూ పోయిన మనిషిని వేరు చేసి చూడదు. రాత్రి విడిచే కుక్కలను మీ సొంత ఆవరణలోనే విడవాలి. కుక్క రాలేదని చీకట్లో పక్కవారి తోటలోకి దిగకండి, తెల్లవారనివ్వండి.

చెరకు నరికిన తరువాత మిగిలే మోళ్ళు కత్తుల్లా ఉంటాయి, కుక్క అరికాళ్ళు చీలుతాయి. గుళికల మందు వేసిన మడిలో, మందు కలిపిన డ్రమ్ము దగ్గర తిప్పవద్దు. తోటలో ఎలుకలుంటాయి. ఎలుక మూత్రం కలిసిన నిలువ నీళ్ళ వలన కుక్కకూ మనిషికీ లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు. వానాకాలంలో తిరిగి వచ్చిన కుక్క కాళ్ళు కడిగే వారు తమ చేతికి గాయముంటే కప్పుకోవాలి. నిజాంసాగర్ కాలువ గట్టు తెల్లవారి నడవడానికి చక్కటి చోటే గాని, నీళ్ళు వదిలిన రోజుల్లో తాడు విప్పవద్దు. పట్టణంలో అయితే ఆదివారం పొద్దున మటన్ దుకాణాల గల్లీ తప్పించి పోండి. వీధికుక్కలన్నీ అక్కడే ఉంటాయి. అవి ఎదురైతే పరుగెత్తవద్దు, మీ కుక్కలను దగ్గరగా పట్టుకుని పక్కకు తిరిగి నెమ్మదిగా వెనక్కి రండి.

నాకుడు, పేలు, పురుగులు

డిచ్‌పల్లిలో 1915లో కుష్టు రోగులకు ఆస్పత్రి ఏర్పడింది. కుష్టు జబ్బు నేర్పిన ఒక పాఠం ఇప్పుడు షుగరు రోగులకు కూడా పనికివస్తుంది. నొప్పి తెలియని పాదానికి కాపలా కళ్ళే. స్పర్శ పోయిన పాదంలో పుండు ఉంటే కుక్క వాసన పట్టి నాకుతుంది, నిద్రలో కొరికినా తెలియదు. రోగి గదిలో రాత్రి కుక్కలు పడుకోకూడదు. పొద్దున లేవగానే పాదాలు చూడాలి. "కుక్క నాకితే పుండు మానుతుంది" అనే మాట నమ్మవద్దు. ప్లీహం తీసివేసినవారికి, క్యాన్సరు మందులు ఎక్కించుకునేవారికి కుక్క లాలాజలంలోని సూక్ష్మజీవులే ప్రాణం మీదికి తేవచ్చు.

నడక నుండి వచ్చిన కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు చూడాలి. గొర్రె, మేక పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కలకు వేయకూడదు. వాటిలోని తిత్తుల వలన కుక్క పేగులో సన్నని బద్దెపురుగులు చేరి, మలం ద్వారా మన చేతికి, నోటికి వచ్చి, మన కాలేయంలో నీటి తిత్తి (హైడాటిడ్) కడతాయి. మూడు నెలలకొకసారి పురుగుల మందు, మలం ఎత్తి పూడ్చడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం అవసరం.

కరిస్తే

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి పన్ను దిగుతుంది. కుక్కల పోట్లాట విడదీయబోయి ఇంటివారే కాటు తింటారు. మధ్యలో చేయి పెట్టకండి, బకెట్ నీళ్ళు కుమ్మరించండి. కరిస్తే వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. సున్నం, కారం, కిరోసిన్ పెట్టవద్దు. పసుపు మన జిల్లాకు బంగారమే గాని కాటుకు మందు కాదు. ఆ తరువాత అదే రోజు ఆస్పత్రికి రావాలి. "మా ఇంటి కుక్కే" అని ఊరుకోరాదు, అది రాత్రి దేనితో కలబడిందో మీరు చూడలేదు. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత కాపాడటం దాదాపు అసాధ్యం. కాటు పడిన వెంటనే గాయం కడిగి, టీకాలు సరిగా వేయించుకుంటే దాన్ని దాదాపు ఎప్పుడూ నివారించవచ్చు.

బొడ్డు చుట్టూ 14 సూదులు అని ఇప్పటికీ భయపడేవారున్నారు. ఆ పాత మందు మన దేశంలో 2005 నుండి లేదు. ఇప్పుడు చేతికే ఇస్తారు. చర్మంలోకి అయితే మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు. కండలోకి అయితే 14వ రోజు కూడా. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి, అడిగి వేయించుకోండి. కుక్కను చంపకుండా 10 రోజులు గమనించాలి, కాని మన మొదటి సూది ఆ పది రోజుల కోసం ఆగకూడదు. ఇదివరకు పూర్తిగా టీకాలు వేసుకున్నవారికి రెండే సూదులు చాలు, మొదటి రోజు, మూడవ రోజు. అందుకే ఆ చీటీ పారేయకండి.

కుక్కలకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన ప్రకారం మలి మోతాదు, ఆపై ఏటేటా వేయించాలి. నాలుగు కుక్కలుంటే ఏది ఎప్పుడు వేయించామో గుర్తుండదు. ఒక నోటుబుక్కులో కుక్కకు ఒక పేజీ చొప్పున తేదీలు రాసి, రోగి మందుల చీటీలున్న సంచిలోనే పెట్టండి. ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఆ సంచి ఎట్లాగూ మీ చేతిలో ఉంటుంది.