జనవరి 26న మన ఇంటి పొయ్యి



ఉపాసక ఉపాసికలారా, ఈ పాఠం వంట గురించి. ధమ్మానికీ వంటకూ ఏం సంబంధం అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

దీక్ష తీసుకున్నాక మనం చాలా పండుగలు వదిలేశాం. మంచిదే. అయితే వదిలిన చోట ఏం పెట్టుకున్నాం? సంక్రాంతి పోయి రెండు వారాలు తిరక్కముందే జనవరి 26 వస్తుంది. పిల్లోడు బడిలో జెండా వందనం చేసి, చేతిలో రెండు చాక్లెట్లు పట్టుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో చూస్తే రోజూ ఉండే అన్నం, చారు. "వాళ్లకు పండగలుండాయి, మనకే లేవు" అని వాడు అనుకుంటే తప్పు వాడిది కాదు. పిల్లలు సిద్ధాంతం చదివి మార్గంలోకి రారు, ఇంట్లో కమ్మని వాసన వచ్చిన రోజును గుర్తు పెట్టుకుంటారు.

ఇంతకూ ఆ రోజు మనదెట్లయింది? రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26న ఆమోదించారు, 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం బావులు, చెరువులు, హోటళ్ల దగ్గర కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంది. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకుని తాగినందుకు మనవాళ్లు దెబ్బలు తిన్నారు. 23 ఏళ్లు తిరక్కుండానే ఆ హక్కు దేశపు చట్టమయింది. నీళ్లు, తిండి దగ్గరే మనల్ని ఆపారు కాబట్టి, ఈ పండుగను నీళ్లతో, తిండితోనే చేసుకోవడం న్యాయం.

కోయిలకుంట్ల చుట్టుపక్కల ఇంకో చిక్కుంది. ఇది నల్లరేగడి నేల. జనవరి ఆఖరుకు బుడ్డశనగ కోతకొస్తుంది. ఎండ ఎక్కితే కాయ రాలిపోతుందని, మంచు పదునుండగానే చెట్టు పీకాల. ఆ ఆకు పులుపుకు చేతులు మండుతాయి. బడిలో జెండా ఎగరేసే వేళకు ఆ పిల్లోడి అమ్మ శనగ చేన్లో వంగి ఉంటుంది. ఫ్యాక్టరీలో, దుకాణంలో పని చేసేవాళ్లకు జనవరి 26న జీతంతో సెలవు ఇవ్వాలని మన రాష్ట్రంలో 1974లోనే చట్టం చేశారు. చేను కూలీకి అది లేదు. జాతీయ సెలవు అంటాం గానీ, జాతిలో సగం మందికి అది మామూలు బుధవారమో గురువారమో. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం, ఈ వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నామని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25నే హెచ్చరించారు.

ఇక్కడే బుద్ధుడి మాట ఒకటి వినాల. రాజగృహం దగ్గర సిగాలుడనే యువకుడు పొద్దున్నే తలస్నానం చేసి, తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటాడు. ఎందుకని అడిగితే, చనిపోయేముందు నాయన చెప్పాడు కాబట్టి అంటాడు. బుద్ధుడు అతన్ని ఎగతాళి చెయ్యలేదు. దిక్కులకే కొత్త అర్థం చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్య, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్లు, పై దిక్కు శ్రమణులు. దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం ఇదే. పనివాళ్ల పట్ల యజమానికి అయిదు బాధ్యతలు చెప్పాడు. బలాన్ని బట్టి పని ఇవ్వాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, రుచికరమైనది వండుకుంటే వాళ్లకూ పంచాలి, సమయానికి సెలవివ్వాలి. పండుగ వంటా సెలవూ రెండూ ఈ జాబితాలో ఉన్నాయి, చూడండి. రెండున్నర వేల ఏళ్ల కింద చెప్పిన మాట ఇంకా శనగ చేనుదాకా రాలేదు.

సరే, యజమానుల సంగతి పక్కన పెట్టండి. పడమర దిక్కు సంగతేంది? భార్యను గౌరవించాలి, కించపరచకూడదు అని అదే సుత్తంలో ఉంది. చేన్లోంచి నడుము పట్టుకుని వచ్చిన మనిషిని "ఈ రోజు పండుగ, బక్షాలు చెయ్యి" అంటే అది ఏ దిక్కుకు మొక్కినట్టు? అన్నలారా, ఆ రోజు పొయ్యి ముందర మీరు కూర్చోండి. శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం వేసి రుబ్బడం మగ చేతులకు రాని విద్యేం కాదు. పెళ్లిళ్లలో గుండిగల ముందు నిలబడేది మగవాళ్లే కదా! బక్షం చినిగితే చినగనీ, రుచికేం లోటు రాదు.

మాంసం వండొచ్చా అని మన సభల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. భిక్షువులు మాంసం ముట్టకూడదని నియమం పెట్టమని దేవదత్తుడు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. అవసరానికి చంపడం వేరు, చంపాలనే కోరిక వేరు అని బాబాసాహెబ్ వివరించారు. మీ ఇంట్లో ఏది తింటారో అది వండుకోండి, తలదించుకుని కాదు. మందు విషయం మాత్రం అట్లా కాదు, అయిదో శీలం స్పష్టంగా ఉంది. జనవరి 26న షాపులు మూసేస్తారని 25 సాయంత్రమే సీసాలు కొనిపెట్టుకునే తెలివి మనవాళ్లలోనూ ఉంది. కూలి డబ్బులు అట్లా పోయాక బెల్లానికి ఏం మిగులుతుంది?

ఇంకో మాట చెప్తే కొందరికి కోపమొస్తుంది, అయినా చెప్తాను. రెండు గ్లాసుల పద్ధతి గురించి మనం ఉపన్యాసాలిస్తాం. మాల ఇంట్లో మాదిగ, మాదిగ ఇంట్లో మాల కూర్చుని తినడం మన వాడల్లో ఎంత మామూలు? మెట్లు మెట్లుగా ఉన్న అసమానత్వం అని బాబాసాహెబ్ అన్నది మనల్ని కూడా కలిపే. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని 1936లో 'కులనిర్మూలన'లో ఆయనే రాశారు, నిజం. అయితే కలిసి తినను కూడా తినని ఇల్లు దాని తర్వాతి మెట్టెక్కి పిల్లనిస్తుందా, పిల్లను తెచ్చుకుంటుందా? స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచే తీసుకున్నానని 1954లో ఆయన రేడియోలో చెప్పారు. సోదరభావాన్ని చట్టం తేలేదు. అది బంతిలోనే రావాల.

శనగ పని ఉన్న ఇళ్లు పండుగ రాత్రికి పెట్టుకోండి, పగలే చెయ్యాలని శాస్త్రమేం లేదు. దీపం పెట్టి, త్రిశరణ పంచశీలాలు చెప్పుకుని, రాజ్యాంగ పీఠికను బడికి పోయే పిల్లతో గట్టిగా చదివించండి. అర్థం కాని మాట దగ్గర ఆపి అడగనీండి. తర్వాత అందరూ ఒకే బంతిలో కూర్చోండి, వడ్డించేది మగవాళ్లు. అవతలి వాడ నుంచి ఒక ఇంటిని పిలవడం 25నాడే కానియ్యండి. పిలుపు ఆలస్యమైతే వాళ్లు అప్పటికే పొయ్యి ముట్టించుకుని ఉంటారు.