ఈ నెల పాఠం: జింకల మంద దగ్గర పది నిమిషాలు



ఆదివారం పిల్లలతో హైదరాబాద్‌లోని మహావీర్ హరిణ వనస్థలికో, ఏదైనా జూపార్కుకో వెళ్తాం. "అదిగో జింక!" అని చూపించి, ఫోటో తీసుకుని ముందుకు కదిలిపోతాం. ఈసారి ఒక్క మంద దగ్గర పది నిమిషాలు ఆగి చూడండి.

ముందుగా మీ పాప చేతో బాబు చేతో ఒక లెక్క వేయించండి. ఎన్ని జింకలు తల వంచి మేస్తున్నాయి? ఎన్ని తల ఎత్తి చూస్తున్నాయి? నిమిషానికోసారి లెక్కపెట్టి రాసుకోమనండి. అన్నీ ఒకేసారి తల వంచడం చాలా అరుదు. మంద పెద్దదైనకొద్దీ ఒక్కో జింక కాపలాకు పెట్టే సమయం తగ్గి, మేతకు దొరికే సమయం పెరుగుతుంది. అవి వంతులు వేసుకుని కాపలా కాస్తాయని మాత్రం చెప్పకండి. ఏ జింక అయినా తన ప్రాణం కోసమే తల ఎత్తుతుంది, ఆ లాభం పక్కవాటికీ అందుతుంది.

తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల దుప్పికి అనుమానం వస్తే ముందు కాలు నేలకేసి కొడుతుంది. ప్రమాదం ఖాయమనుకుంటే గట్టిగా అరుస్తుంది. నల్లమల లాంటి అడవుల్లో దీనికి కొండముచ్చులు తోడు. అవి చెట్టు మీది నుంచి దూరం చూస్తాయి, తింటూ తింటూ ఆకులూ కాయలూ కింద పడేస్తాయి. దుప్పులు వాటిని మేస్తూ, కొండముచ్చు అరిచిందంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. దుప్పి అరుపు కొండముచ్చులకూ తెలుసు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. దీనికి దట్టమైన అడవి కన్నా రోళ్లపాడు లాంటి గడ్డి మైదానాలే ఇష్టం. దాక్కునే చాటు లేనిచోట మందే చాటు. ఇందులో నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో కనిపించేది ఎదిగిన మగది. లేత గోధుమ రంగువి ఆడవి, పిల్లలు. ఎదిగిన మగది కొంత నేలను తనదిగా చేసుకుని, ఒకే చోట పెంటికలు వేస్తూ హద్దు చాటుతుంది. కుర్ర మగవాటిని అక్కడి నుంచి తరిమేస్తుంది. అలా బయటపడ్డవన్నీ వేరే గుంపు కట్టి, కొమ్ములు కొమ్ములు తగిలించుకుంటూ బలం చూసుకుంటాయి. మా క్లాసులో ఈ మాట చెప్తే "హాస్టల్లా అన్నమాట!" అన్నాడొక అబ్బాయి. కాదనలేకపోయాం.

ఇంకో తేడా కూడా చూపించండి. దుప్పి కొమ్ములు శాఖలుగా ఉంటాయి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు.

ఊళ్లకు వెళ్లే కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. పుట్టిన కొత్తలో జింకపిల్ల మంద వెంట పరుగెత్తలేదు. తల్లి దాన్ని గడ్డిలోనో పొదలోనో పడుకోబెట్టి మేతకు వెళ్తుంది, పాలివ్వడానికి తిరిగి వస్తుంది. పిల్ల కదలకుండా ఉండటమే దానికి రక్ష. పొలం గట్టున అలా ఒంటరిగా కనిపిస్తే "పాపం, తల్లి లేదు" అనుకుని ఎత్తుకొచ్చేస్తారు కొందరు. మంచి మనసుతోనే చేసినా అది తల్లి నుంచి బిడ్డను విడదీయడమే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను ఇంట్లో పెంచుకోవడం నేరం. ముట్టుకోకుండా, కుక్కలను దగ్గరికి రానివ్వకుండా దూరంగా వెళ్లిపోండి. మనుషులు చుట్టూ నిలబడి ఉంటే తల్లి రాదు. దెబ్బ తగిలినట్టు కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

పిల్లలు రాసుకొచ్చిన లెక్కలను సోమవారం సైన్స్ టీచర్‌కు చూపించమనండి.