తలిదండ్రుల ధీమా: కొలమానమునకు తగిన తెలుగు

పసిబిడ్డను సాకగలమను తలిదండ్రుల ధీమాను కొలుచుటకు 2008లో ఆస్ట్రేలియాలో కారిటేన్ ప్రశ్నావళి వెలువడినది. ఏడాదిలోపు బిడ్డలుగల వారికి ఉద్దేశించిన యిందు 15 ప్రశ్నలు, గరిష్ఠాంకము 45. మొత్తము 39 గాని, అంతకు తక్కువ గాని అయినచో వారికి తోడ్పాటు అవసరము కావచ్చును.

1965 నాటి పాండిచ్చేరి అధికారభాషా చట్టము యానాములో తెలుగునకు చోటిచ్చినది. యానాము దంపతులు పుదుచ్చేరి పట్టణమందలి వైద్యాలయమునకు వచ్చినచో వారినిట్టి ప్రశ్నలు ఏ తెలుగులో అడుగవలెను? ‘ఆత్మవిశ్వాసము’ గ్రంథస్థపదము, బాలింతకది తన్ను తాను పొగడుకొనుమనినట్లు తోచవచ్చును. ‘చేతనగును’, ‘చేతకాదు’ అనునవి వాడుకమాటలే గాని, నేర్పును దెలుపునంతగా నిబ్బరమును దెలుపవు.

మఱియొక చిక్కు కలదు. తొలికాన్పు పుట్టింట జరుగు ఆచారమున్నచోట బిడ్డకు నీళ్లుపోయునది తఱచుగా అమ్మమ్మయే. అప్పుడు తల్లి ‘చేతకాదు’ అనుటకు అధైర్యము గాక, అలవాటు లేమియే కారణము కావచ్చును. ఈ భేదమును పాటింపని అనువాదము నిబ్బరముగల తల్లికి తక్కువ అంకెనిచ్చును. లోలోన బెంగపడు తల్లిని గుర్తింపకపోవచ్చును.

కావున ఆ పనిని ఇంట నెవరు చేయుచున్నారో ముందడిగి, పిమ్మట ‘మీరొక్కరే ఉన్నప్పుడు భయము లేకుండ చేయగలరా?’ అని ప్రశ్నించుట మేలు. ‘భయము’ను బాలింతలు తడుముకొనక గ్రహింతురు.